లావుపాటి నేస్తం వ్యాయామశాలకు వెళితే...

మైపాడు బీచికి వెళ్ళిన ప్రతివారికీ అనుభవమైన సంగతి ఒకటుంది. బస్సు దిగి రోడ్డు మీద నడిచినంతసేపూ ఏమీ అనిపించదు. పొడి ఇసుకలో అడుగు పెట్టగానే కాళ్ళు బరువెక్కుతాయి. నీళ్ళ అంచుకు చేరేసరికి ఆయాసం వస్తుంది. కెరటాలు తడిపి గట్టిపరిచిన ఇసుక మీదికి రాగానే నడక మళ్ళీ తేలికవుతుంది. ఎందుకిలా?

గట్టి నేల మన పాదం కింద కదలదు. అందుచేత మనం ఖర్చుపెట్టిన శక్తి దాదాపుగా మనల్ని ముందుకు నడపడానికే ఉపయోగపడుతుంది. పొడి ఇసుక అలా కాదు. పాదం కింద జారిపోతుంది. మన శక్తిలో కొంత ఇసుక రేణువులను అటూ ఇటూ నెట్టడానికే పోతుంది. 1998లో బెల్జియం శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి చూశారు. అదే వేగంతో గట్టి నేల మీద నడవడానికయ్యే శక్తికి 2.1 నుంచి 2.7 రెట్లు ఇసుకలో నడవడానికి అవసరమని తేలింది.

ఇసుకలో నడుస్తూ రొప్పుతున్న మనిషిని, గట్టి రోడ్డు మీద పోతున్నవాడు చూసి "బద్ధకస్తుడా!" అని వెక్కిరిస్తే మీరు ఒప్పుకుంటారా? ఒప్పుకోరు కదూ! మరి మన తరగతిలో లావుగా ఉన్న నేస్తం మెట్లెక్కి ఆయాసపడితే నవ్వడం ఎందుకు? ఆ నేస్తం ఒకరోజు "నేను కూడా వ్యాయామం మొదలుపెడతాను, తోడు వస్తావా?" అని అడిగితే మనం ఏ విధంగా సాయపడగలం? ముందు ఆ శరీరంలో ఏం జరుగుతోందో తెలుసుకుందాం.

బియ్యం బస్తా లెక్క

మీ బడిలో మేడ మీదికి 20 మెట్లున్నాయనుకుందాం. ఒక్కొక్క మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు. అంటే మొత్తం 3 మీటర్లు. మీ బరువు 50 కిలోలు, మీ నేస్తం బరువు 75 కిలోలు. ఇద్దరూ కలిసి 12 సెకన్లలో పైకి చేరారు. ఎవరు ఎంత పని చేశారు?

భౌతికశాస్త్రం పాఠంలోని సూత్రం గుర్తుందా? ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతోను, ఎత్తుతోను గుణించాలి. మీరు చేసిన పని 50 × 9.8 × 3 = 1,470 జౌళ్ళు. మీ నేస్తం చేసిన పని 75 × 9.8 × 3 = 2,205 జౌళ్ళు. 12 సెకన్లతో భాగిస్తే మీ సామర్థ్యం సుమారు 122 వాట్లు, నేస్తానిది సుమారు 184 వాట్లు. చూశారా! ఒకే మెట్లు, ఒకే సమయం, అయినా నేస్తం చేసిన పని మీ పనికి ఒకటిన్నర రెట్లు. మీరు దానితో సమానం కావాలంటే 25 కిలోల బియ్యం బస్తాను భుజాన వేసుకుని అదే 12 సెకన్లలో మేడెక్కాలి. (నిజంగా ఎత్తి చూడకండి, ఊహించుకుంటే చాలు!)

కాబట్టి ఆ ఆయాసం బద్ధకానికి గుర్తు కాదు. ఎక్కువ పని చేసిన గుండెకూ, ఊపిరితిత్తులకూ సహజంగా కలిగే అలసట మాత్రమే.

ఈ బరువు మోకాళ్ళ మీద కూడా పడుతుంది. మోకాలి నొప్పులున్న లావైన పెద్దవారిని అమెరికాలో పరిశీలించి 2005లో ఒక ఫలితం ప్రకటించారు. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి కీలు మీద పడే భారం సుమారు 4 కిలోలు తగ్గుతుందట! రోజుకు మనం వేసే వేల అడుగులతో దీన్ని గుణించి చూడండి. కొద్దిపాటి మార్పయినా ఎంత మేలో తెలుస్తుంది.

లావు కావడానికి తిండి ఒక్కటే కారణమనుకోకండి. వంశపారంపర్యం, నిద్ర చాలకపోవడం, ఆటలకు చోటు లేకపోవడం, థైరాయిడ్ లోపం, కొన్ని రకాల మందులు కూడా కారణాలు కావచ్చు. అందువల్ల వ్యాయామం మొదలుపెట్టేముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోవడం మంచిది.

చెమట చేసే పని

పని చేస్తున్న కండరాల నుంచి వేడి పుడుతుంది. ఆ వేడి చర్మం ద్వారా బయటికి పోవాలి. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరి బరువు ఒకటిన్నర రెట్లు అయినా, చర్మపు వైశాల్యం మాత్రం సుమారు 1.2 రెట్లే ఉంటుంది. వేడి పెరిగినంతగా దాన్ని బయటికి పంపే కిటికీ పెరగలేదన్నమాట. పైగా చర్మం కింది కొవ్వు దుప్పటిలాగా వేడిని లోపలే ఆపుతుంది.

ఒక గ్రాము చెమట ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ళ వేడి కావాలి. చెమట ఆ వేడిని శరీరం నుంచి తీసుకుని, మనల్ని చల్లబరుస్తుంది. కాని ఇక్కడొక చిక్కుంది. మన కోస్తా గాలిలో నీటి ఆవిరి ముందే ఎక్కువగా ఉంటుంది. చెమట ఆవిరి కాక, బొట్లు బొట్లుగా కారిపోతుంది. అలా కారిపోయిన చెమట చల్లబరచదు. అందుకే నెల్లూరు ఎండాకాలంలో తెల్లవారుజామున గాని, పొద్దు వాలాక గాని వ్యాయామం చేయడం క్షేమం. మధ్య మధ్య నీళ్ళు తాగాలి.

కొందరు ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఎక్కువ చెమట పట్టిస్తే బరువు తగ్గుతుందనుకుంటారు. తగ్గేది నీరు. చెంబెడు నీళ్ళు తాగగానే అది తిరిగి వస్తుంది. వడదెబ్బ ప్రమాదం మాత్రం మిగులుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

"సన్నబడాలంటే పరుగెత్తు" అని చాలామంది సలహా ఇస్తారు. లావుగా ఉన్నవారికి అన్నిటికన్నా కష్టమైనది పరుగే. అక్కడ మొదలుపెడితే మొదటిరోజే ఓడిపోయానన్న భావం కలుగుతుంది. రెండో రోజు రారు.

మరి వారికి దేనిలో బలం ఉంది? ఆలోచించండి. రోజంతా అదనపు బరువు మోస్తున్న కాళ్ళు ఎలా ఉంటాయి? బలంగానే ఉంటాయి! లావైన పిల్లల తొడ కండరాల బలం సన్నని పిల్లల బలం కన్నా తరచు ఎక్కువగానే ఉంటుందని కొలతల్లో తేలింది. ఆ బలాన్ని ఒంటి బరువుతో భాగించినప్పుడే తక్కువగా కనిపిస్తుంది. అంటే పరుగులో మీ వెనక ఉండే నేస్తం బరువులెత్తడంలో మీకన్నా ముందుండవచ్చు. వ్యాయామశాలలో మొదలుపెట్టడానికి ఇది మంచి కారణం.

బరువులెత్తే విద్యలో తెలుగువారికి మంచి పేరుంది. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడుగారు 20వ శతాబ్ది మొదట్లో దేశమంతా తిరిగి బలప్రదర్శనలిచ్చి, "కలియుగ భీముడు" అని పేరు పొందారు. విజయనగరంలో వ్యాయామశాల నడిపారు. ఆముదాలవలస ప్రాంతానికి చెందిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110 కిలోలు, 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ ఆమే. కాని వీరెవరూ ఒక్కరోజులో అంత బరువు ఎత్తలేదు. కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడమే ఈ విద్యలోని రహస్యం. మన తీరంలో పెద్దవలను తాళ్ళతో ఒడ్డుకు లాగే మత్స్యకారుల భుజాలు చూడండి. ఆ బలమూ ఏళ్ళ తరబడి పని చేసి సంపాదించుకున్నదే.

మొదటి వారాలకు ఇవి చాలు: కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం, తేలికైన డంబెల్స్ ఎత్తడం, పది నిమిషాల నడక. పన్నెండు, పదిహేను సార్లు ఎత్తాక "ఇంకా రెండుసార్లు ఎత్తగలను" అనిపించేంత బరువే తీసుకోవాలి. ఊపిరి బిగబట్టకూడదు. వారానికి మూడు రోజులు, మధ్యలో విశ్రాంతి. నడుస్తున్నప్పుడు మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. బీచికి వెళితే పొడి ఇసుక మాని, తడిసిన గట్టి ఇసుక మీద నడవడం మేలు.

5 నుంచి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ, వారంలో మూడు రోజులు ఎముకలనూ కండరాలనూ బలపరిచే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అది చేరవలసిన గమ్యం. మొదటిరోజే చేరనక్కరలేదు.

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారన్న మాటకు ఆధారం లేదు. అయితే శిక్షకుడు దగ్గర ఉండాలి, పద్ధతి సరిగా ఉండాలి. ఎవరెంత ఎక్కువ ఎత్తుతారన్న పందెం పనికిరాదు.

మొదటి నెలలో ఏం జరుగుతుంది?

మొదటిరోజు కన్నా రెండో రోజు ఒళ్ళు నొప్పులు ఎక్కువవుతాయి. "లాక్టిక్ ఆమ్లం పేరుకుంది" అంటారు గాని, ఆ ఆమ్లం గంటా గంటన్నరలోనే రక్తంలోంచి తొలగిపోతుంది. అలవాటులేని పనివల్ల కండరపు పోగుల్లో అతి సూక్ష్మమైన చిరుగులు ఏర్పడి, అవి మానే సమయంలో ఈ నొప్పి కలుగుతుంది. మూడు నాలుగు రోజుల్లో పోతుంది. ఈ సంగతి మీ నేస్తానికి ముందే చెప్పండి. తెలియకపోతే భయపడి మానేస్తారు.

మూడు వారాలు గడిచేసరికి బరువులు తేలికగా అనిపిస్తాయి. కండలు మాత్రం పెరిగినట్టు కనబడవు. ఇదేం వింత? 1979లో మోరిటాని, డివ్రీస్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని పరిశీలించారు. మొదట్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నాడుల వల్ల వస్తుంది. ఎక్కువ కండరపు పోగులను ఒకేసారి పనిలోకి పిలవడం మెదడు నేర్చుకుంటుంది. కండరం లావెక్కడం తర్వాతి మెట్టు.

మరి తూకం యంత్రం? అది చాలా ఆలస్యంగా కబురు చెబుతుంది. శరీరంలోని ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకాలరీలు దాగి ఉన్నాయి. 75 కిలోల మనిషి అరగంట వడిగా నడిస్తే సుమారు 150 కిలోకాలరీలు ఖర్చవుతాయి. లెక్క వేయండి, నడక ఒక్కదానితోనే కిలో కరగాలంటే యాభై రోజులు! వారానికే ముల్లు కదల్లేదని నిరాశపడితే తప్పు లెక్కదే. తీపి పానీయాలు, బేకరీ తినుబండారాలు తగ్గిస్తే పని సులువవుతుంది. ఉపవాసాలు వద్దు. ఎదిగే వయసులో అన్నం, పప్పు, ఆకుకూరలు, చేపలు, గుడ్లు అవసరం. ఎత్తు పెరిగే పిల్లలకు బరువు పెరగకుండా ఆగినా మేలే.

ముల్లు కదలకపోయినా లాభం కలుగుతుంది. లండన్‌లో డాక్టర్ జెరెమీ మోరిస్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితాలు ప్రకటించారు. రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా వచ్చాయి. కండక్టర్లు సన్నగా ఉండడమే ఇందుకు కారణమా అని ఆయన వారి యూనిఫారం నడుము కొలతలు కూడా పోల్చి చూశారు. సన్నవారిలోనూ లావువారిలోనూ ఆ తేడా కనిపించింది.

పక్కన ఎవరుండాలి?

1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక సరదా ప్రయోగం చేశాడు. గాలం దారాన్ని చుట్టే చక్రాన్ని నలభైమంది పిల్లల చేత తిప్పించాడు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి మరొకరితో పోటీగా. సగంమంది పోటీలో వేగం పుంజుకున్నారు. పదిమందిలో పెద్ద మార్పు లేదు. మిగిలిన పదిమంది కంగారుపడి ఇంకా వెనకబడ్డారు! ఆ తేడాలు స్వల్పమేనని తర్వాతివారు తేల్చినా, ఆ చివరి పదిమందిని మనం మరచిపోకూడదు. పోటీ అందరికీ పడదు.

కాబట్టి తోడు వెళ్ళేవారు వేగాన్ని నేస్తానికే వదలాలి. మాట ఇచ్చిన వేళకు తప్పక రావాలి. వారి బరువు నలుగురిలో చెప్పకూడదు. ముద్దుపేర్లంటూ ఎగతాళి పేర్లు పెట్టకూడదు. ఫోనుతో ఫొటోలు తీయకూడదు. "నేనెంత ఎత్తానో చూడు" అనకుండా, "పోయినవారం కన్నా రెండుసార్లు ఎక్కువ లేచావు" అనాలి. వ్యాయామశాల దూరమైతే మీ డ్రిల్లు మాస్టారును అడగండి. బడి ఆవరణ, ఒక కుర్చీ, ఒక గోడ ఉంటే మొదలుపెట్టవచ్చు.

జాగ్రత్త! ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, పిల్లికూతలు వస్తే వెంటనే ఆపి పెద్దవారికి చెప్పాలి. ఉబ్బసం, మధుమేహం ఉన్నవారు డాక్టరు సలహా మేరకే చేయాలి. కండలు పెంచుతామనే ఇంజెక్షన్లు, పొడుల జోలికి పోవద్దు.

చేసి చూడండి

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మీ నేస్తం నాడి పట్టి 15 సెకన్లు లెక్కించి 4తో గుణించండి. కూర్చున్నప్పుడు ఒకసారి, మూడు నిమిషాలు వడిగా నడిచిన వెంటనే ఒకసారి, ఒక నిమిషం విశ్రాంతి తర్వాత ఒకసారి లెక్కించండి. నేస్తం మీ నాడి కూడా చూడాలి. ఇద్దరివీ వేర్వేరు పట్టికల్లో రాయండి. ప్రతి ఆదివారం ఒకే వేళకు, అదే దారిలో, అంతే వేగంతో తిరిగి చేయండి. కొన్ని వారాల్లో రెండో అంకె తగ్గడం, మూడో అంకె మొదటిదానికి దగ్గర కావడం గమనిస్తారు. తూకం యంత్రం చెప్పని కబురును నాడి ముందుగా చెబుతుంది. ఎనిమిది వారాలయ్యాక ఇద్దరూ గ్రాఫు గీసి, మీ సైన్సు మాస్టారుకు చూపించండి.