ఫోన్లో గణపతి... ఎవరి చేతి బొమ్మ?

'అచ్చం ఇలాంటిదే కావాలన్నా!'

వినాయక విగ్రహానికి ఆర్డరివ్వడానికి ధూల్‌పేట్ వచ్చే కుర్రాళ్ల నోట వినిపించే మాటే ఇది. ఒకప్పుడు వాళ్లు చూపించింది నిరుటి మంటపం ఫొటో. తర్వాత సినిమా పోస్టరు... 'బాహుబలి' గణపతి, 2022లో 'ఆర్ఆర్ఆర్' రామరాజు గణపతి అలా వచ్చినవే. ఇప్పుడు ఆ ఫోన్లలోకి కృత్రిమ మేధ, అదే ఏఐ గీసిన బొమ్మలూ చేరాయి. రెండు వాక్యాలు టైప్ చేస్తే చాలు, నిమిషంలో గణపతి ప్రత్యక్షం!

అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది. తెరమీది గణపతికి బరువుండదు. ఒంటికాలి బొటనవేలి మీద నిలబడతాడు, గాల్లో తేలతాడు. ఒక్కోసారి చేతికి ఆరు వేళ్లుంటాయి. ఏకదంతుడికి రెండు దంతాలూ నిండుగా ఉంటాయి. ఆ బొమ్మను నిలబెట్టాల్సింది ధూల్‌పేట్ పనివాడు. బరువు ఏ కాలి మీద పడాలో, లోపల కర్ర ఎక్కడ దాచాలో, కొబ్బరిపీచూ ప్లాస్టర్ ఆఫ్ పారిసూ ఎన్ని పొరలు వేయాలో అతనే తేల్చుకోవాలి. లారీ ఎక్కాక కరెంటు తీగలకు కిరీటం తగలకూడదు కూడా. ఆ లెక్కలేవీ యంత్రానికి పట్టవు.

మరి ఆ యంత్రానికి గణపతి ఎలా ఉంటాడో నేర్పిందెవరు? ఇంటర్నెట్లోని ఫొటోలు. బొమ్మలు గీసే 'స్టేబుల్ డిఫ్యూజన్' లాంటి ఏఐల శిక్షణకు వాడిన 'లయాన్-5బి' అనే భాండాగారం 2022లో విడుదలైంది. అందులో 585 కోట్ల బొమ్మల చిరునామాలు, వాటి వర్ణనలు ఉన్నాయి. ఎవరినీ అడిగి ఏరినవి కావు. మంటపాల్లో జనం తీసి నెట్లో పెట్టే ఫొటోలకూ అలాంటి జల్లెడ తప్పదు. విగ్రహం పదకొండో రోజున నీళ్లలో మునిగిపోతుంది. ఫొటో మాత్రం మిగిలిపోతుంది... చేసినవాడి పేరు లేకుండా. ఖైరతాబాద్ గణపతి అంటే శిల్పి రాజేంద్రన్ అని పత్రికలు రాస్తాయి. ధూల్‌పేట్ నుంచి వెళ్లే వేల విగ్రహాల్లో దేనికుందా భాగ్యం?

నిజమే, ధూల్‌పేట్ కూడా నకళ్లు తీస్తుంది. ముంబయిలో కాంబ్లీ కుటుంబం తరతరాలుగా చేస్తున్న లాల్‌బాగ్ రాజా పోలికలు ఇక్కడా అమ్ముడవుతాయి. అయితే అది ఎవరి పోలికో కొనేవాడికీ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. ఏఐ బొమ్మలో వెయ్యిమంది చేతులున్నా ఒక్కరి ఆనవాలూ దొరకదు. తేడా అక్కడే.

ఈ పేటకు పేరు అనేది చిన్న విషయం కాదు. నిజాం కాలంలో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడ్డ లోధాల వాడ ఇది. చాలాకాలం ధూల్‌పేట్ అంటే గుడుంబా అనే అనేవారు. ఆ మచ్చ చెరుపుకోవడానికి ఆసరా అయినవి విగ్రహాలు, రాఖీలు, సంక్రాంతి పతంగులే.

చట్టమేమంటుంది? 1957 నాటి మన కాపీరైట్ చట్టం శిల్పాన్ని కళాకృతిగానే గుర్తిస్తుంది. బహిరంగ ప్రదేశంలో 'శాశ్వతంగా' ఉన్న శిల్పాన్నయితే ఎవరైనా ఫొటో తీసి ప్రచురించుకోవచ్చు. మరి పదకొండు రోజుల గణపతి సంగతి? చట్టం రాసినవాళ్లకు నిమజ్జనం గుర్తొచ్చినట్టు లేదు! ఇక కంప్యూటర్ తయారుచేసిన కృతికి, దాన్ని తయారుచేయించిన వ్యక్తే కర్త అంటుంది 1994 సవరణ. అలా చూస్తే రెండు వాక్యాలు టైప్ చేసిన కుర్రాడు తానే కర్తనని వాదించుకోవచ్చు. దాన్ని నిలబెట్టినవాడు ఉత్త పనివాడు!

ఏఐ శిక్షణకు వాడుకున్న కృతులకు కంపెనీలు రాయల్టీ చెల్లించాలని 2025 డిసెంబరులో కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం, డీపీఐఐటీ, ఓ ముసాయిదా పత్రంలో ప్రతిపాదించింది. వినడానికి బాగుంది. కానీ రాయల్టీ అందాలంటే ముందు కృతి తనదని చూపించాలి కదా. నీళ్లలో మునిగిపోయిన విగ్రహానికి సాక్ష్యం ఏది?

మంటపం ముందు కట్టే ఫ్లెక్సీ మీద చందాదారు ఉంటాడు, కార్పొరేటర్ ఉంటాడు, కమిటీ కుర్రాళ్లంతా నల్లకళ్లద్దాలతో ఉంటారు. విగ్రహం చేసినవాడి పేరు అడ్వాన్సు పుచ్చుకున్న రసీదు మీద ఉంటుంది. దాన్ని ఫ్లెక్సీ మీదికి ఎక్కించడానికి ఒక్క వరస చాలు. రేపు ఎవరైనా ఫొటో తీస్తే, ఆ పేరూ అందులో పడుతుంది.