యార్క్‌టౌన్‌లో ఓడినవాడు మన దిక్కు ఎట్లా వచ్చాడు?

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అనగానే మనకు వాషింగ్టన్, టీ పెట్టెలు, 1776 గుర్తుకొస్తాయి. పరీక్షకు అంతే చాలు. కాని ఆ యుద్ధంలో ఓడిన సేనానిని నేను తెలుగువాళ్ల చరిత్రలోనే ఎక్కువగా చూస్తాను. అతడే కార్న్‌వాలీస్.

1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో ఏడువేల పైచిలుకు సైన్యంతో అతడు లొంగిపోయాడు. వాషింగ్టన్ గొప్పవాడే, కాదనను. అయితే సముద్రం దారిని ఫ్రెంచి నౌకాదళం మూసేయకపోతే కథ వేరుగా ఉండేది. తిండి, మందుగుండు, కొత్త బలగం ఏదీ లోపలికి రాలేదు. లొంగుబాటు రోజున జబ్బు సాకు చెప్పి, కత్తి ఇవ్వడానికి తన కింది అధికారిని పంపాడు!

అంత ఓడినా అయిదేండ్లకే, 1786లో, మనకు గవర్నర్ జనరల్ అయి వచ్చాడు. 1788లో నిజాం నుంచి గుంటూరు సర్కారును తీసుకున్నాడు. 1790లో అదే నిజాముతోనూ, మరాఠాలతోనూ కలిసి టిప్పు మీదికి కదిలాడు. మా వెల్గటూర్ కూడా అప్పుడు నిజాం రాజ్యంలోదే.

1791లో చిత్తూరు దిక్కున్న మొగిలి కనుమ ఎక్కి బెంగుళూరు పట్టుకున్నాడు. మే నెలలో శ్రీరంగపట్నం కనుచూపు మేరలోకి పోయినాక ఎద్దులు కుప్పలుగా చచ్చినయి, గింజలు అయిపోయినయి. పెద్ద ఫిరంగులను తానే పాడుచేసి వెనుదిరిగాడు. నా దృష్టిలో ఇది రెండో యార్క్‌టౌన్ కావలసింది. కాలేదు. దారిలో మరాఠాలు ధాన్యంతో ఎదురొచ్చారు. ఆ తర్వాత బంజారాలు, అంటే మన లంబాడీలు, వేల ఎద్దుల మీద గింజలు మోసి దండును నిలబెట్టారు. పుస్తకాల్లో సేనానికి పేజీలు, వీళ్లకు ఒక్క వాక్యం. సిపాయిల సంగతీ అంతే. తొలి సిపాయిలు తెలుగు తీరం నుంచి పోయినందుకే ఉత్తరాదిన కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవాళ్లు. పేరు మిగిలింది, మనుషులు మిగల్లేదు.

1792లో టిప్పు సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పయి లక్షల రూపాయలు ఇచ్చుకున్నాడు, ఇద్దరు కొడుకులను తాకట్టు పెట్టాడు. నిజాం వాటాకు కడప వచ్చింది. అదీ ఎనిమిదేండ్ల ముచ్చటే. 1800లో, తన రాజ్యంలో కాపలా ఉన్న కంపెనీ పటాలం ఖర్చు కింద, నిజాం దాన్ని మళ్లీ కంపెనీకే రాసిచ్చాడు.