కన్ను ముందుకొస్తే క్యాన్సరేనా?

ఒక కన్ను మెల్లగా ముందుకు పొడుచుకొస్తుంటే ఇంటిల్లిపాదికీ క్యాన్సర్ భయమే పట్టుకుంటుంది. నిజానికి కనుగుడ్డు వెనక, కంటి గూటిలో రక్తనాళాలతో ఏర్పడే హానిరహిత గడ్డలూ ఉంటాయి. అరుదైనవే అయినా చూపు కోసం వీటి గురించి తెలుసుకోవాలి. పెద్దల్లో వీటిలో ఎక్కువగా కనిపించేది కావెర్నస్ హిమాంజియోమా.

అపోహ: కన్ను ఉబ్బితే క్యాన్సరే.
వాస్తవం: పెద్దల్లో కన్ను ముందుకు రావడానికి ముఖ్య కారణం థైరాయిడ్ సంబంధ కంటి జబ్బు. కావెర్నస్ హిమాంజియోమా అయితే క్యాన్సర్ కాదు, ఇతర అవయవాలకు పాకదు. నడివయసు మహిళల్లో ఎక్కువ. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి పాత ఫొటోలతో పోల్చి చూస్తేనే చాలామందికి తేడా తెలుస్తుంది.

అపోహ: నొప్పి లేదుగా, తర్వాత చూద్దాం.
వాస్తవం: ఈ గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. కానీ కనుగుడ్డును వెనక నుంచి నొక్కితే కళ్లద్దాల ప్లస్ పవర్ పెరగొచ్చు. దృష్టి నాడిని నొక్కితే చూపు మందగిస్తుంది, రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. కొందరికి పక్కకు చూసినప్పుడు ఆ కంటికి చీకట్లు కమ్మి, తిన్నగా చూడగానే తేటపడుతుంది. ఇది వెంటనే డాక్టరుకు చెప్పాల్సిన లక్షణం.

అపోహ: ముక్క తీసి పరీక్షిస్తేనే తేలుతుంది.
వాస్తవం: చాలాసార్లు స్కానింగే చెప్పేస్తుంది. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి ఎంఆర్‌ఐ తీస్తే, మందు మొదట గడ్డలో ఒకచోట కనిపించి, నిమిషాలు గడిచేకొద్దీ తక్కిన భాగమంతా నిండుతుంది. లోపల రక్తం మందకొడిగా పారడమే ఇందుకు కారణం.

అపోహ: గడ్డ బయటపడితే ఆపరేషన్ తప్పదు.
వాస్తవం: చిన్నదై, చూపును ఇబ్బంది పెట్టకపోతే క్రమం తప్పని పరీక్షలు చాలు. చూపు తగ్గుతుంటే తీయాలి. రెప్ప లోపలి పొర గుండానో, కంటి పక్క ఎముకను కొంత తొలగించో గడ్డను చేరతారు. అతిశీతల పరికరం కొన తాకించగానే గడ్డ దానికి అతుక్కుంటుంది. చుట్టూ విడదీసి మొత్తంగా బయటికి లాగుతారు. పూర్తిగా తీస్తే మళ్లీ రావడం అరుదు. కంటి గూటి కొసన, నాడిని ఆనుకుని ఉన్నప్పుడు ఆపరేషన్‌తో చూపుకే ముప్పు రావొచ్చు. అలాంటి కొందరికి గురిపెట్టి రేడియేషన్ ఇస్తారు.

అపోహ: పసిపిల్లల రెప్ప మీది ఎర్రగడ్డ దానంతటదే పోతుంది.
వాస్తవం: ఇదీ రక్తనాళాల గడ్డే, చాలావరకు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గేదే. కానీ ఈలోగా కంటిని మూసేసినా, నొక్కినా చూపు ఎదగక ‘లేజీ ఐ’ వస్తుంది. బీపీ, గుండె జబ్బులకు వాడే ప్రొప్రనోలాల్ ఈ గడ్డల్ని తగ్గిస్తుందని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 2008లో వెల్లడించారు. ఇప్పుడు మొదట ఇచ్చే మందు ఇదే. బిడ్డకు షుగర్, గుండె వేగం పడిపోయే వీలుంది కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే, పాలు పట్టాకే వేయాలి.

నెమ్మదిగా ఉబ్బుతున్న కంటిని ఆక్యులోప్లాస్టీ (కంటి గూడు, రెప్పల చికిత్స) నిపుణులకు త్వరగా చూపించండి. నొప్పి, ఎరుపు, జ్వరంతో ఒక్కసారిగా ఉబ్బినా, చూపు హఠాత్తుగా తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గడ్డ హానిలేనిదే కావచ్చు, నాడి దెబ్బతింటే పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.