మంద విడిసిన చోట మిగిలిన బూడిద



పొలములో గొర్రెల మందను కట్టించుట పల్నాటి రైతు కుటుంబములకు కొత్త సంగతి కాదు. పంట కోసిన తరువాత కాపరులు మందను తోలుకొని వస్తారు. రాత్రివేళ మంద చేనులో పడుకుంటుంది, నేలకు ఎరువు దొరుకుతుంది. మంద వెళ్లిపోయి ఒక వాన కురిసిన తరువాత చూస్తే అక్కడ దొడ్డి ఉన్నదన్న గుర్తే ఉండదు. అటువంటి దొడ్డి ఆనవాలు నాలుగు వేల ఏండ్లకు పైగా నేలలో నిలిచియున్నదంటే మనకు ఆశ్చర్యముగా ఉండును. కాని అది నిజము.

తెలంగాణలోని పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉట్నూరు అను గ్రామమున్నది. ఇది ఆదిలాబాదు వైపున్న ఉట్నూరు కాదు. అక్కడ ఒక పెద్ద బూడిద దిబ్బ ఉండెను. అటువంటి దిబ్బలు తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక ప్రాంతములలో నూరుకు పైగా కనబడినవి. బళ్ళారి వైపు ప్రజలు అది రాక్షసుని కాల్చిన బూడిద అని చెప్పుకొనేవారు. చదువుకున్నవారిలో కొందరు అగ్నిపర్వతము నుండి వచ్చినదన్నారు, మరికొందరు ఇనుము కరగించిన చిట్టెమన్నారు. ఆ బూడిద కొన్నిచోట్ల గాజువలె కరిగి గట్టిపడి ఉండుటయే ఈ తికమకకు కారణము.

1957లో రేమండ్ ఆల్చిన్ అను ఆంగ్లేయ శాస్త్రవేత్త ఉట్నూరు దిబ్బను త్రవ్వించెను. అడుగున వరుసగా గుంజలు పాతిన గుంటలు బయటపడినవి. లోపల పశువుల దొడ్డి, దాని చుట్టు మరియొక దడి. ఆ రెండింటి నడుమ కాపరుల గుడిసెలు. అంటే మంద మధ్యన, మనుష్యులు దాని చుట్టు కావలిగా నివసించిరి. బూడిద పొరలలో పశువుల గిట్టల అచ్చులు కూడ చెక్కు చెదరకుండ దొరికినవి! తరువాత జాయ్‌నర్ అను శాస్త్రవేత్త ఆ బూడిదను పరీక్షించి, అది కాలిన పేడయే అని తేల్చెను. పశువు మేసిన గడ్డిలో ఇసుకకు సంబంధించిన పదార్థముండును. మంట వేడి ఎక్కువైనప్పుడు అది కరిగి గాజువలె మారును.

దొడ్డిలో పేడ పేరుకొన్న తరువాత దానిని కాల్చి, మరల అదే చోట దడి కట్టుకొనిరి. ఇది ఎన్నోమార్లు జరిగెను. ఎందుకు కాల్చిరి? ఋతువు మారి మంద కదలునప్పుడు జరుపుకొనిన పండుగ కావచ్చునని ఆల్చిన్ తలంచెను. కర్ణాటకలోని బూదిహాళ్‌లో 1990ల ప్రాంతములో కె. పద్దయ్యగారు జరిపిన త్రవ్వకాలలో దొడ్డి పక్కనే జనులు కాపురమున్న ఇండ్లు, పశువులను కోసిన స్థలము కూడ కనబడినవి. ఎముకలలో ఎక్కువ ఆవులు, ఎద్దులవి. గొర్రెలవి, మేకలవి కూడ ఉన్నవి.

మన పల్నాడు సంగతి చూడుడి. మాచర్లకు దగ్గరనున్న నాగార్జునకొండ అనగానే బౌద్ధ విహారములు, ఇక్ష్వాకు రాజులు గుర్తుకు వస్తారు. 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకాలలో అక్కడ రాజులకంటె వేల ఏండ్ల ముందు సామాన్యులు కాపురమున్న గుంట ఇండ్లు, రాతి గొడ్డళ్లు కూడ దొరికినవి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. ఆనకట్ట మన పొలములకు నీళ్లిచ్చెను. ఆ లోయ మాత్రము నీటి అడుగున చేరెను. ముఖ్యమైన కట్టడములను కొండమీదికి, అనుపునకు తరలించి మరల నిలిపిరి. నీరు రాకముందు త్రవ్వి వ్రాసి పెట్టుకొనినందువలననే ఆ గుంట ఇండ్ల సంగతి నేడు మనకు తెలియుచున్నది.

రాజు శాసనము వేయించుకొనెను, గుడి కట్టించుకొనెను. పశువుల కాపరికి శాసనము లేదు. అతని గుంజ గుంట, పొయ్యి బూడిద, పగిలిన కుండ పెంకు, ఇవియే అతని వ్రాతలు. అయితే బూడిద మంచి ఎరువని అనేక దిబ్బలను బండ్లకెత్తి పొలములకు తోలిరి. ఒక్క దినములో యంత్రము చదును చేసిన దిబ్బను ఎవరును మరల పేర్చలేరు.

కాబట్టి చేను చదును చేయించునప్పుడు బూడిద పొరలు, నున్నని రాతి గొడ్డలి, పాత పెంకులు బయటపడితే కాసేపు పని ఆపుడి. వాటిని కదిలించక తహసీల్దారుకైనను, పురావస్తు శాఖకైనను తెలియజేయుడి. గుప్తనిధి ఉన్నదని రాత్రివేళ త్రవ్వువారి మాట వినకుడి. నేలలో దాగిన విలువైన వస్తువు దొరికి దాని వెల పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది.

ఇంకొక పని మన ఇండ్లలోనే చేయవచ్చును. మీ ఊరిలో పాత దొడ్లు ఎక్కడ ఉండెనో, ఏ దారిన మందలు నల్లమల వైపు వెళ్లెనో పెద్దలకు తెలియును. తాతయ్యలను, అమ్మమ్మలను అడిగి పిల్లలచేత ఒక నోటు పుస్తకములో వ్రాయించుడి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని జరుగవలెను.