బండి నడపినవారెవరు? బాకీ ఎవరిది?

ఇంగ్లండులోని ప్రైవేటు పార్కింగు నోటీసులు – వాహనము ఎవరిపేర నున్నదో వారి హక్కులు

పరుల పశువులు చేలో బడి పైరు మేసినప్పుడు, రైతు వానిని తోలుకొనిపోయి బందెలదొడ్డిలో పెట్టించుట మన గ్రామములందు చిరకాలముగా నెఱిగిన వ్యవహారము. 1871 నాటి పశువుల అక్రమప్రవేశ శాసనము దీనికి హద్దులేర్పరచినది. పశువులను తోలినవాడు పాలేరే యైనను, రుసుము చెల్లించి విడిపించుకొనవలసినవాడు పశువుల యజమాని. కాని ఆ రుసుమును నిర్ణయించునది ప్రభుత్వము; చేనుగల ఆసామి కాదు. పైరు పోయినదను కోపముతో ఆసామి తన యిష్టము వచ్చినంత దండుగ విధించుటకు గాని, పశువులను తన కొట్టములోనే బంధించి యుంచుటకు గాని చట్టమొప్పుకొనదు. నేలగలవానికి హక్కు గలదు. ఆ హక్కునకు హద్దును గలదు. ఈ రెండు మాటలను జ్ఞప్తియందుంచుకొన్నచో, ఇంగ్లండునందు ఏటేట లక్షలకొలదిగా ఇండ్లకు చేరుచున్న ఒక విధమగు నోటీసుయొక్క స్వరూపము మనకు సులభముగా బోధపడును.

సముద్రములకావలి వ్యవహారము మనకేల యని కొందఱు పాఠకులు శంకింపవచ్చును. చదువులకును, వైద్యవృత్తికిని, కంప్యూటరు ఉద్యోగములకును ఇచటినుండి వెళ్లి యచట కాపురములున్న తెలుగువారు అనేకులు. అట్టివారి గుమ్మములోనికి ఈ నోటీసు వచ్చిపడినప్పుడు రెండు తప్పుత్రోవలు వారిని పిలుచుచుండును. సర్కారు జుల్మానా యని భయపడి వెంటనే సొమ్ము పంపివేయుట ఒకటి. ఇది వట్టి బెదరింపని బుట్టలో పారవైచి ఊరకుండుట రెండవది. రెండును నష్టకరములే. ఈ రెంటికి నడుమ చట్టము చూపిన రాజమార్గ మొకటి గలదు. దానిని వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నోటీసు వచ్చు విధము

అంగళ్ల సముదాయము ముందఱి ఆవరణలో మోటారుకారును నిలిపినారనుకొందము. ద్వారమునందలి కెమేరా బండి నంబరును, వచ్చిన వేళను, పోయిన వేళను పటము తీయును. పలకమీద వ్రాసిన గడువు దాటెనని తోచినచో, ఆ స్థలమును నిర్వహించు కంపెనీవారు స్వాన్సీ నగరమునందున్న వాహనముల రిజిస్ట్రేషను కార్యాలయమునకు, నంబరొకటికి 2.50 పౌనుల చొప్పున రుసుము చెల్లించి, ఆ బండి ఎవరి పేర నమోదైయున్నదో తెలిసికొందురు. ఇట్లు నమోదైన వ్యక్తిని అచట ‘రిజిష్టర్డు కీపరు’ అందురు. కీపరనగా స్వంతదారుడని అర్థము కాదు. రిజిస్ట్రేషను పత్రము స్వామ్యమునకు నిదర్శనము కాదని ఆ పత్రముమీదనే అచ్చువేసియుందురు. బండి భర్తపేర నుండవచ్చును, నడపినది భార్య కావచ్చును. తండ్రిపేర నుండవచ్చును, నడపినది కుమారుడు కావచ్చును. అయినను జాబు వచ్చునది కీపరునకే.

ఆ జాబులో సాధారణముగా 100 పౌనులవఱకు అడుగుదురు. 14 దినములలో చెల్లించినచో తగ్గింతుమందురు. శిరోభాగమున పి.సి.ఎన్. అను మూడక్షరములు కనబడును. పురపాలక సంఘమువారు రాజవీథులలో విధించు జుల్మానాకును ఈ మూడక్షరములే పొడిపేరు. కాని సంఘమువారిది ‘పెనాల్టీ చార్జి’. కంపెనీవారిది ‘పార్కింగ్ చార్జి’. మొదటిది శాసనబలముగల దండన. రెండవది ఒడంబడిక తప్పితిరని ఒక వర్తకుడు పంపిన పద్దు. పొడిపేరు ఒక్కటియైనంత మాత్రమున అధికార మొక్కటి కానేరదు.

2012 నాటి బేరము

స్థలమునందు పాతిన పలక ఒడంబడికకు ఆహ్వానము. దానిని చూచి బండి నిలిపినవాడు ఆ షరతులకు సమ్మతించినవాడు. ఇది ఆంగ్లేయ న్యాయశాస్త్రము చెప్పు మాట. అట్లయినచో ఒడంబడికకు బద్ధుడు బండి నడపినవాడే గాని, ఇంటిలో కూర్చుండి ఆ పలకను కంటితోనైన చూడని కీపరు కాడు. పూర్వము కంపెనీలకు ఇదియే పెద్ద చిక్కు. అందుచేత వారు బండిచక్రమునకు ఇనుపపట్టెడ బిగించి, సొమ్ము చేతబడువఱకు విడువకుండిరి. స్కాట్లండులో 1992 సంవత్సరముననే ఉన్నత న్యాయస్థానము ఈ పనిని నేరముగా నెంచినది. ఇంగ్లండు, వేల్సులలో మాత్రము అది మఱి యిరువది యేండ్లు సాగినది.

2012 సంవత్సరపు స్వేచ్ఛారక్షణ చట్టము ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీనుండి ప్రైవేటు స్థలములందు ఇనుపపట్టెడ వేయుటను నిషేధించినది. అదే చట్టముయొక్క 4వ షెడ్యూలు, నడపినవాడెవరో తెలియనప్పుడు కీపరునుండి సొమ్ము రాబట్టు హక్కును కంపెనీల కొసగినది. ఒక చేతితో గొలుసును పుచ్చుకొని రెండవచేతితో దావాహక్కు నిచ్చినట్లు. కాని ఈ హక్కు ఊరక యిచ్చినది కాదు. షెడ్యూలులో చెప్పిన ప్రతి నియమమును నెరవేర్చినప్పుడే ఆ హక్కు పుట్టును. ముఖ్యమైనదొకటి తప్పినను పుట్టదు. అప్పుడు కంపెనీకి మిగులునది నడపినవానిమీది పూర్వపు హక్కు మాత్రమే. కీపరు పక్షమున వాదమంతయు ఈ కీలుమీదనే తిరుగుచున్నది.

తేదీలు లెక్కించుడు

ఆ నియమములలో ప్రధానమైనది కాలము. బండి అద్దముమీద ఏ చీటియు అంటింపక కెమేరాను నమ్ముకొని జాబు వ్రాసినచో, బండి నిలిపిన మఱునాటినుండి 14 దినములలోపల ఆ జాబు కీపరునకు చేరవలెను. అద్దముమీద చీటి యంటించినచో, మొదటి 28 దినములు గడిచిన పిమ్మట, తరువాతి 28 దినములలో చేరవలెను. తపాలాలో వేసిన జాబు రెండవ పనిదినమున చేరినట్లు చట్టము భావించును. శని ఆదివారములు పనిదినములు కావు.

ఒక ఉదాహరణము చూతము. 2025 మార్చి 3వ తేదీ సోమవారమున బండి నిలిపినారు. అద్దముమీద చీటి లేదు. గడువు మార్చి 17వ తేదీ సోమవారముతో ముగియును. కంపెనీవారు జాబును 13వ తేదీ గురువారము తపాలాలో వేసినచో 17వ తేదీకి చేరినట్లు లెక్క, గడువులో నున్నది. ఒక్కదినము జాగుచేసి 14వ తేదీ శుక్రవారము వేసినచో 18వ తేదీకి గాని చేరినట్లు కాదు. కీపరుమీది హక్కు గతించినది. మన భూస్వాములకు కాలదోషమను మాట క్రొత్తది కాదు. నోటుబాకీకి కాలదోషమెట్టిదో, ఈ నోటీసునకు 14 దినముల గడువు అట్టిది. కావున జాబు రాగానే చేయవలసిన మొదటిపని కవరును భద్రపఱచి తేదీలను లెక్కించుట.

కాలము సరిపోయినను, జాబులోని విషయము సరిపోవలెను. ఏ బండి, ఏ స్థలము, ఎంతకాలము నిలిచెను, ఎంత సొమ్ము, సొమ్మడుగు ధని యెవరు అనునవి స్పష్టముగా నుండవలెను. నడపినవారి పేరును చిరునామాయు తమకు తెలియవని కంపెనీ చెప్పవలెను. సొమ్మైన చెల్లింపుడు, లేదా నడపినవారెవరో తెలుపుడు అని కీపరును కోరవలెను. 28 దినములు గడిచినను ఈ రెండును జరుగనిచో మిమ్ములనే అడుగు హక్కు మాకు కలుగునని హెచ్చరింపవలెను. ఈ హెచ్చరిక లేని జాబు కీపరును బంధింపజాలదు. మఱియు కీపరునుండి ఈ షెడ్యూలు క్రింద రాబట్టదగిన మొత్తము ఆ నోటీసులో చూపిన సొమ్మును మించరాదు. పిమ్మట వసూలు ఖర్చులని చేర్చు అదనపు పద్దులకు అందు చోటులేదు.

స్థలమును విచారింపవలెను. ప్రభుత్వవ్యయముతో పోషింపబడు రాజవీథులకును, వేఱు శాసనములకు లోబడిన నిలుపుదల స్థలములకును ఈ షెడ్యూలు వర్తింపదు. విమానాశ్రయములు, రైలుస్టేషనులు, రేవులు అనేకము ఉపశాసనములకు లోబడినవి. కావున అచటి నోటీసులలో కీపరు బాధ్యతను ప్రశ్నింపవచ్చును. అయితే ఉపశాసనమును ఉల్లంఘించినందుకు వేఱు చర్య రావచ్చునని మఱువరాదు. స్కాట్లండునకును, ఉత్తర ఐర్లండునకును ఈ షెడ్యూలు వర్తించుటయే లేదు.

మౌనము వేఱు, అబద్ధము వేఱు

పోలీసువారు నేరవిచారణలో అడిగినప్పుడు బండి నడపినవారెవరో కీపరు చెప్పితీరవలెనని 1988 సంవత్సరపు రోడ్డు రవాణా చట్టము విధించుచున్నది. ఈ అధికారము కంపెనీకి లేదు. నడపినవారి పేరు చెప్పుమని కంపెనీ కోరవచ్చును, నిర్బంధింపజాలదు. కీపరే నడపియుండునని ఊహించుటకు చట్టమున ఏ నియమమును లేదు. కాని జాబునకు ప్రత్యుత్తరము వ్రాయుచు “నేను బండి నిలిపితిని, అయిదు నిమిషములు ఆలస్యమైనది” అని సద్భావముతో వ్రాసినవాడు, తానే నడపితినని ఒప్పుకొని షెడ్యూలు తనకొసగిన రక్షణనంతయు తన కలముతోనే కొట్టివైచుకొనుచున్నాడు. “ఈ వాహనముయొక్క కీపరును నేను, నడపినవారి పేరు తెలుపుటకు నేను బద్ధుడను గాను, నాపై హక్కు పుట్టుటకు వలయు నియమములు ఇవి నెరవేరలేదు” అని వ్రాయుట యుక్తము.

ఇచట ఒక హెచ్చరిక. మౌనము చట్టసమ్మతము, అసత్యము కాదు. తానే నడపి, నడపలేదని వ్రాయుట అధర్మము. న్యాయస్థానమున సత్యప్రమాణముతో అట్లు పలుకుట శిక్షార్హము. కీపరే నడపినాడని సాక్ష్యమువలన న్యాయాధిపతికి తోచినచో షెడ్యూలుతో పనిలేకయే తీర్పు చెప్పవచ్చును. నడపినవారు వేఱొకరై వారు సమ్మతించినచో, వారి పేరును చిరునామాను తెలిపి కీపరు తప్పుకొనుటయు చట్టము చూపిన త్రోవయే.

బీవిస్ వ్యాజ్యము

ఈ పద్దులన్నియు చెల్లవని కొందఱు చెప్పుదురు. అది పొరపాటు. చెమ్స్‌ఫర్డు పట్టణమునందలి అంగళ్ల ఆవరణలో రెండుగంటల ఉచితకాలముమీద 56 నిమిషములు అధికముగా బండి నిలిపినందుకు పార్కింగ్‌ఐ కంపెనీ బీవిస్ అను నతనిని 85 పౌను లడిగెను. ఆయన తానే నడపినట్లు ఒప్పుకొని, ఇంత సొమ్ము ఒడంబడికలో చెల్లని దండన యని వాదించెను. 2015 నవంబరు 4వ తేదీన సుప్రీముకోర్టువారు ఆ వాదమును త్రోసిపుచ్చిరి. స్థలము నలుగురికి ఉపయోగపడవలెనన్నచో గడువును పాటింపజేయుటలో కంపెనీకి న్యాయమైన ప్రయోజనము గలదనియు, పలకలు పెద్దవిగను స్పష్టముగను ఉన్నవనియు, సొమ్ము మితిమీరలేదనియు వారి యభిప్రాయము. ఏడుగురిలో ఒక్క న్యాయమూర్తి మాత్రమే భిన్నాభిప్రాయము తెలిపెను. కావున సొమ్ము హెచ్చను వాదము ఒంటరిగా నిలువదు. పలక కనబడెనా, షరతు స్పష్టమా, కీపరునకు నోటీసు నియమానుసారమా అను ప్రశ్నలే నిలుచును.

చేయవలసిన క్రమము

మొదట, 28 దినములలో కంపెనీకే ఆక్షేపణ వ్రాయవలెను. అంగడిలో సరకు కొన్న రసీదున్నచో అంగడి యజమానికిని వ్రాయుట మంచిది. తన కొనుగోలుదారుని పద్దును రద్దుచేయించు పలుకుబడి అతనికుండవచ్చును. కంపెనీ నిరాకరించినచో స్వతంత్ర విచారణకు పోవలెను. బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యులైన కంపెనీల విషయమై పాప్లా యను సంస్థయు, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ సభ్యులైనవారి విషయమై ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీసును విచారించును. పాప్లాలో కీపరు గెలిచినచో కంపెనీ కట్టుబడవలెను. ఓడినను కీపరు న్యాయస్థానమున వాదించు హక్కు పోదు.

వసూలు ఏజెంట్ల బెదరింపు జాబులకు చేతిలో డిక్రీ లేదు. కాని కౌంటీకోర్టు సమను వచ్చినప్పుడు ఊరకుండుట వినాశకరము. జాబు అందిన 14 దినములలో అందినదని తెలిపినచో వాదపత్రమునకు మొత్తము 28 దినములు లభించును. ఊరకున్నవానిమీద ఏకపక్షపు డిక్రీ యగును. నెలలోపల సొమ్ము చెల్లింపనిచో అది ఆఱేండ్లు రిజిష్టరులో నిలిచి, ఋణమునకును అద్దెయింటికిని అడ్డు తగులును. ఇల్లు మాఱినవారు రిజిస్ట్రేషను కార్యాలయములో చిరునామా మార్పింపకున్నచో, డిక్రీ అయినసంగతియే వారికి తెలియకపోవచ్చును.

ఉపసంహారము

ఈ కంపెనీలకు నియమావళి నేర్పరచుటకై పార్లమెంటు 2019లో ఒక చట్టమును చేసినది. ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో నియమావళిని ప్రకటించి, కంపెనీలు వ్యాజ్యమునకు దిగగా జూనులో ఉపసంహరించుకొన్నది. 2024లో కంపెనీల సంఘములే తమ నియమావళిని తాము వ్రాసికొన్నవి. 2025 జూలైలో ప్రభుత్వము మరల ప్రజాభిప్రాయమును కోరినది. తన చేతికి తానే సంకెల చేయించుకొనువాడు దానిని వదులుగా చేయించుకొనుట లోకసహజము. ఇట్టియెడ పౌరునకు మిగిలిన కవచము ఆ 4వ షెడ్యూలే.

నేలగలవారి కష్టము మా కెఱుకయే. తన వాకిట పరులు బండ్లు నింపిపోవుచుండగా ఊరకుండుమని ఎవరును చెప్పజాలరు. కాని దండించు అధికారము ప్రజలది. వారి పక్షమున శాసనసభ దానిని కొలిచి పంచిపెట్టును. ఆ కొలతలో కొంత ప్రైవేటు కంపెనీకి ఇచ్చినప్పుడు కొలపాత్ర అంచువఱకే దాని హక్కు. ఆ యంచు ఎచట నున్నదో తెలిసికొని, భయము విడిచి, అబద్ధమాడక, గడువు తప్పక ప్రత్యుత్తరము వ్రాయువాడు తనకు మాత్రమే గాక, చదువనేరక చెల్లించివైచు తన పొరుగువానికి కూడ మేలుచేసినవాడగును. విదేశములందున్న తమ బిడ్డలకు జాబు వ్రాయునప్పుడు పాఠకులు ఈ సంగతిని ఒక పంక్తిలోనైన తెలుపుదురుగాక.