నాడు పిడికెడు బియ్యం.. నేడు నెలకింత చందా
ప్రకటనలు లేని సామాజిక మాధ్యమానికి వాడేవాళ్లే అండ

విరుదునగర్, కోవిల్‌పట్టి: పొయ్యి మీదికి బియ్యం కొలిచేటప్పుడు ఓ పిడికెడు పక్కకు తీయడం.. ఆ బియ్యంతో బడి నడపడం. విరుదునగర్ పెద్దలకు ఇది తెలిసిన కథే. 1889లో నాడార్లు పెట్టిన క్షత్రియ విద్యాశాల ఇలాగే నిలబడింది. వర్తకులు 'మహమై' పేరిట తమ సరుకుపై తామే రుసుం వేసుకున్నారు. కామరాజ్ చదివింది ఆ బడిలోనే.

ఇప్పుడదే పద్ధతి సెల్‌ఫోన్లోకి వచ్చింది. జర్మనీలో యూజెన్ రోచ్కో 2016లో మొదలుపెట్టిన 'మాస్టొడాన్' ఎక్కువగా వాడేవాళ్ల చందాలతో ఎదిగింది. దాని కోడ్ తీసుకుని ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. 2022 చివర్లో ట్విటర్ ఎలాన్ మస్క్ చేతికి వెళ్లాక, నెలవారీ వాడుకదారులు 3 లక్షల నుంచి 25 లక్షలకు చేరారు.

మనకేంటి?
కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడి చదువు తమిళం. తెలుగులో రాసుకునే చోటు దొరికితే వదులుకోబుద్ధి కాదు. అలా తెలుగుకూ చోటిచ్చిన 'కూ' యాప్ పెట్టుబడిదారుల సొమ్ముతో నడిచింది. భాగస్వామి కోసం జరిపిన చర్చలు ఫలించక 2024 జులైలో మూతపడింది.

చందాలుంటే భయం లేదా? ఉంది. ఇచ్చేవాళ్లు తగ్గినా, నడిపేవాళ్లు అలసినా సర్వర్ ఆగిపోవచ్చు. ఫాలోయర్లను మరో సర్వర్‌కు తీసుకెళ్లొచ్చు గానీ పాత రాతలు వెంట రావు. పైగా ఇది మహమైలా లెక్కకట్టి వసూలు చేసేది కాదు, ఇష్టమైతేనే ఇచ్చేది. ఊరికే వాడుకునే పదిమందిలో ఒకరైనా పిడికిలి విప్పాలి.