పాలు హాలైన చోట

సేలమునుండి బెంగుళూరునకు పోవు రైలుమార్గమున, పాలక్కోడు దాటినపిమ్మట, రాయకోట చేరకమునుపు, మారండహళ్ళి యను చిన్న నిలయము కలదు. అచ్చటి పలకమీద ఊరిపేరు తమిళమునను, హిందీలోను, ఆంగ్లమునను వ్రాసియుందురు. పేరు చూడబోయిన కన్నడము. పలకక్రింద మూటలు దించుకొని బండికొరకు ఎదురుచూచువారిలో అనేకులు మాటలాడునది తెలుగు. లోకమునందలి భాషలపైనను, పరుల ఆచారవ్యవహారములపైనను నాకు మక్కువ యెట్లు పుట్టినదో వ్రాయుమని నన్ను కోరినపుడు, ఏ మహాగ్రంథమునో, ఏ దూరదేశయాత్రనో జ్ఞాపకము చేసికొనవలెనని చాలసేపు యత్నించితిని. కన్నులయెదుట నిలిచినది మా ఊరి ఆ పలక యొక్కటే.

మాకు ఇంట తెలుగు, బడిలో తమిళము, సంతలో మూడును. అవ్వ పాలు అనును. ఎదురింటివారు పాల్ అందురు. హొసూరు వైపునుండి ఎడ్లను తోలుకొనివచ్చు కన్నడిగుడు హాలు అనును. అతనికి ‘ప’ పలుకదు కాబోలునని నేను జాలిపడుచుంటిని. తరువాత పులి హులి యనియు, పాము హావు అనియు, పండు హణ్ణు అనియు అతని నోట విని, ఇది నాలుకలోని లోపము కాదు, ఏదియో కట్టడి యున్నదని పదియేండ్ల ప్రాయమున నాకు తోచినది. చిన్నారుపై ఆనకట్ట కట్టిన పంచపళ్ళి మాకు దగ్గరి ఊరు. అక్కడ పళ్ళి, ఇక్కడ హళ్ళి. మన పల్లెయే రెండు వేషములతో రెండు ఊళ్ళ చివర నిలిచియున్నదని గ్రహించిన దినమున నాకు కలిగిన సంతోషము, అటుపిమ్మట ఎన్ని పుస్తకములు చదివినను కలుగలేదు. కావేరి నీటితుంపరలు పొగవలె లేచు హొగెనకల్లును చూడబోయినపుడు, హొగె మన పొగ యనియు, కల్లు మన రాయి యనియు తోడివారికి చెప్పి విసిగించితిని. కన్నడమున సుమారు పదవ శతాబ్దినుండి పకారము క్రమక్రమముగా హకారమైనదని పండితులు శాసనములు చూపి చెప్పిన సంగతి నాకు చాలకాలమునకుగాని తెలియలేదు.

తెలుగు, తమిళ, కన్నడములు సంస్కృతమునకు బిడ్డలు కావు, తమలో తాము తోబుట్టువులని ధాతువులను ప్రక్కప్రక్కన పేర్చి చూపినవాడు చెన్నపట్టణమున నుండిన ఎల్లిసు దొర. 1816లో కాంబెల్ తెలుగు వ్యాకరణమునకు పీఠికగా ఆ మాట అచ్చయినది. ద్రావిడభాషలను పోల్చిన కాల్డ్వెల్ గ్రంథము వెలువడుటకు అప్పటికింకను నలువదియేండ్లున్నవి. మా సంతలోని ఎడ్లబేరగాండ్రను అడిగియుండిన అంతకుమునుపే తెలిసియుండెడిదేమో!

దొరల ప్రస్తావన వచ్చినది గనుక ఇంకొకమాట. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన మా బారామహలుసీమ టిప్పుసుల్తానునుండి కుంపిణీవారి వశమైనపుడు, దేశభాషలు తెలిసిన సివిలు ఉద్యోగులు దొరకక, కారన్‌వాలిసు ప్రభువు సైనికుడైన రీడును, అతనికి సహాయులుగా మన్రో మున్నగు సైనికులను పన్నులపనికి నియమించెను. మన్రో ఏడేండ్లు ఇచ్చట మెలగి, తరువాత దత్తమండలములకు పోయెను. పన్ను వసూలునకై నేర్చిన భాషయును భాషయే, కాదనను. అయినను అందు ఎదుటివాని మాట వినవలెనను ఆత్రముకంటె లెక్క తేల్చవలెనను ఆత్రము హెచ్చు.

వినుటకొరకే విన్నవారు గిడుగు రామమూర్తిగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైయుండి, కొండలు దిగివచ్చు సవరల మాట తమకు బోధపడకపోవుటయే కొరతగా భావించి, ఒక సవరను ఇంట నుంచుకొని అతనికి శిష్యులైరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను వెలువడినవి. కొండలలో పట్టిన చలిజ్వరమునకు క్వినైను మ్రింగి మ్రింగి వినికిడి పోగొట్టుకొనిరి. ఒక భాషను వినుటకై చెవులనే వెలగా చెల్లించిరి. సవర మన ద్రావిడభాషలకు చుట్టమైనను కాదు, ముండాశాఖలోనిది, కాంబోజదేశపు ఖ్మేరుకును, వియత్నాము భాషకును దూరపుబంధువు. పర్లాకిమిడి సీమ దాటకయే ఆయన ఆగ్నేయాసియాతో సంభాషించిరన్నమాట. వ్యావహారికోద్యమమునకు ఊపిరియైన ఆ మహనీయులు, గ్రాంథికపుగాలి సోకిన నా ఈ వాక్యములు చూచిన నవ్వియుందురు. అలవాటు, ఏమి చేయుదును?

దూరదేశములు మాటలలోనే కాదు, మా పంటలలోను ఉన్నవి. మా పొలములలో ఇప్పుడు టమాటా విశేషముగా పండును. మా ఇంట దానిని తక్కాళి యనుచుంటిమి, తమిళులమాటయే. పెరటిలో మొలచు నల్లని చిరుపండ్ల మొక్కను తమిళులు మణత్తక్కాళి యందురు. అమెరికాఖండమునుండి ఓడలెక్కివచ్చిన ఎఱ్ఱనిపండును, మొక్కలో కనబడిన పోలికనుబట్టి, తమ పెరటిపేరుతోనే వారు పిలిచిరి. టమాటా యను మాట మాత్రము మెక్సికోలోని నహువా జాతివారిది. మిరపకాయదియు ఇట్టి కథయే. మేము ముద్దచేసికొని తిను రాగులు తూర్పు ఆఫ్రికా మెట్టలనుండి వచ్చినవి. పల్లెటూరివాని పళ్ళెమున మూడు ఖండము లుండగా, ప్రపంచమును చూచుటకు బయలుదేరవలెననుట నాకు వింతగా తోచును.

మొన్నటి వేసవిలో మా మనుమడు వచ్చియుండెను. పాలు హాలైన వృత్తాంతము చెప్పగా వాడు భోజనమునకు కూర్చుండి, “తాతా, అయితే పప్పు హప్పా?” అనెను. కాదు, కన్నడిగులు దానిని బేళె యందురంటిని. ఆట చెడినదని వాడు మూతి ముడిచెను. ఊరడించుటకై, “అప్పడాన్ని మాత్రం వాళ్ళు హప్పళ అంటారురా” అంటిని. వాడు అప్పడము చేతబట్టుకొని కొంతసేపు ఆలోచించి, “మా క్లాసులో మలయాళీ పిల్లాడు పప్పడం అంటాడు. అంటే ముందు ‘ప’ ఉండేది కదా? మరి మన ‘ప’ ఎక్కడికి పోయింది?” అని అడిగెను.

సమాధానము చెప్పక, వానికి ఇంకొక అప్పడము వడ్డించితిని.